సైదాపురం పలుగురాయి నుంచి కోయసైట్ దాకా: అధిక పీడనంలో, అధిక వేడిలో ఖనిజాలను తయారు చేసి పరిశీలించేందుకు సమగ్ర మార్గదర్శి

భూమి లోపలికి సుమారు 35 కిలోమీటర్లు దిగితే పీడనం ఒక గిగాపాస్కల్‌కు చేరుతుంది. అంటే మనం పీల్చే గాలి మన మీద మోపే ఒత్తిడికి అది దాదాపు పదివేల రెట్లు. నెల్లూరు షిస్టు (పొరలుగా చీలే రూపాంతర శిల) పట్టీలో దొరికే గార్నెట్, కయనైట్, స్టారోలైట్ ఖనిజాలు భూమి లోతుల్లో పుట్టి, కోట్ల సంవత్సరాల కోతకు పైనున్న కొండలు కరిగిపోయాక మన కాళ్ల కిందికి వచ్చాయి. ఒంగోలు చుట్టుపక్కల ఉన్న గ్రాన్యులైట్ శిలలైతే సుమారు 160 కోట్ల సంవత్సరాల క్రితం 900 డిగ్రీలు దాటిన వేడిని చవిచూశాయి. ఈ రాళ్లు ఎంత లోతున, ఎంత వేడిలో పుట్టాయో పుస్తకాల్లో చదువుతాం గానీ, ఆ అంకెలు రాళ్ల మీద రాసి ఉండవు. ఎవరో ఒక ప్రయోగశాలలో అదే పీడనాన్ని, అదే వేడిని కల్పించి, ఏ ఖనిజం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ మరొకటిగా మారుతుందో కొలిచి చూశారు కాబట్టే మనం ఆ మాట అనగలుగుతున్నాం. ఒకే రసాయనిక కూర్పు గల కయనైట్, ఆండలూసైట్, సిల్లిమనైట్ మూడూ కలిసి నిలవగలిగే బిందువు 501 డిగ్రీల సెల్సియస్, 0.376 గిగాపాస్కల్ అని 1971లో హోల్డవే అనే పరిశోధకుడు ప్రకటించిన ఫలితం అలాంటిదే. సైదాపురం వైపు ఒక షిస్టు ముక్కలో కయనైట్ కనబడగానే అది ఏ స్థితిలో పుట్టిందో ఊహించే ప్రతి విద్యార్థీ తెలిసో తెలియకో ఆ ప్రయోగాల మీదే ఆధారపడుతున్నాడు.

నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, పదార్థ విజ్ఞానం చదువుతూ, ఏదైనా పెద్ద ప్రయోగశాలలో కొన్ని వారాల సమయం సంపాదించుకున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మొదటి ప్రయోగంగా మన దగ్గరి పలుగురాయిని (క్వార్ట్జ్) దాని మరింత సాంద్రమైన రూపమైన కోయసైట్‌గా మార్చడాన్ని ఎంచుకున్నాను. పీడనాన్ని పుట్టించడం ఈ విద్యలో సగం పనే. నమూనా మీద నిజంగా ఎంత పీడనం ఉందో తెలుసుకోవడమే అసలు పని. ప్రెస్సు (నమూనాను నొక్కే యంత్రం) గేజు చూపే అంకెకూ నమూనా అనుభవించే పీడనానికీ మధ్య తేడాను కొలవకుండా ప్రచురించిన ఫలితం ఎవరికీ ఉపయోగపడదు. ఈ విషయాన్ని నేర్పడానికి కోయసైట్‌ను మించిన పాఠం నాకు కనబడలేదు.

కోయసైట్‌నే ఎందుకు ఎంచుకోవాలి

పలుగురాయి, కోయసైట్, స్టిషోవైట్ మూడూ సిలికాయే. సాంద్రత మాత్రం ఘన సెంటీమీటరుకు వరుసగా 2.65, 2.92, 4.29 గ్రాములు. కోయసైట్‌ను 1953లో లోరింగ్ కోస్ నార్టన్ కంపెనీ ప్రయోగశాలలో తయారు చేశాడు. ప్రకృతిలో అది దొరుకుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1960లో అమెరికాలోని అరిజోనా ఉల్కా బిలంలో అది కనబడింది. 1984లో ఆల్ప్స్ పర్వతాల్లో, నార్వేలో ఉల్కలతో సంబంధం లేని శిలల్లోనూ బయటపడింది. మన దేశంలో లద్దాఖ్‌లోని త్సో మొరారి శిలల్లో ఉంది. ఉల్క తాకిడికి లోనుకాని శిలలో కోయసైట్ ఉందంటే ఆ శిల దాదాపు వంద కిలోమీటర్ల లోతుకు దిగి తిరిగి పైకి వచ్చిందని అర్థం. ఇంత పెద్ద మాట చెప్పగలుగుతున్నామంటే పలుగురాయి ఏ పీడనం దగ్గర కోయసైట్‌గా మారుతుందో ప్రయోగశాలల్లో కొలిచి పెట్టారు కాబట్టే.

ఆ సరిహద్దు 800 డిగ్రీల దగ్గర సుమారు 2.9 గిగాపాస్కళ్లు, 1000 డిగ్రీల దగ్గర సుమారు 3 గిగాపాస్కళ్లు ఉంటుంది. వేడి వంద డిగ్రీలు మారినా సరిహద్దు పీడనం ఒక గిగాపాస్కల్‌లో పదో వంతు కూడా జరగదు. అంటే ఉష్ణోగ్రత కొలతలో చిన్న పొరపాటు వచ్చినా పీడనం లెక్క చెడదు. అందువల్లనే ప్రపంచమంతటా ప్రయోగశాలలు తమ ప్రెస్సులను సరిచూసుకోవడానికి ఈ మార్పును వాడుతున్నాయి. మనం తయారు చేసిన పదార్థమే తరువాత మన కొలబద్ద అవుతుంది.

మొదటి దశ: రాయిని ఎంచుకోవడం

ఈ పనికి తీరం వెంబడి దొరికే సిలికా ఇసుకను కూడా వాడవచ్చు గానీ, అందులో ఇల్మనైట్ రేణువులు, బంకమట్టి కలిసి ఉంటాయి. గూడూరు, సైదాపురం, పొదలకూరు, రాపూరు ప్రాంతాల అభ్రకపు గనుల దగ్గర, పెద్ద పెద్ద స్ఫటికాలతో ఉండే పెగ్మటైట్ శిలల నుంచి వచ్చే పలుగురాయి దానికంటే శుద్ధమైనది. గని యజమాని అనుమతి తీసుకుని, పాత దిబ్బల మీది రాళ్లను ఏరుకుంటే సరిపోతుంది. నీళ్లు నిండిన పాత గుంతల అంచుల దగ్గరికి పోవలసిన అవసరమే లేదు.

పెగ్మటైట్‌లో ఫెల్డ్‌స్పార్ కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి జాగ్రత్త పడాలి. ముక్కను ఎండలో మెల్లగా తిప్పితే ఫెల్డ్‌స్పార్ చదునైన తలాల మీద ఒక్కసారిగా తళుక్కుమంటుంది. పలుగురాయికి అలాంటి తలాలు ఉండవు, పగిలిన చోట గవ్వ లోపలి భాగంలా వంపులు తిరిగి, గాజు మెరుపుతో కనిపిస్తుంది. పలుగురాయిలోనూ పాలలా తెల్లగా ఉన్నదాన్ని వదిలి, అద్దంలా తేటగా ఉన్నదాన్ని తీసుకోవాలి. ఆ తెలుపు లోపల చిక్కుకున్న సూక్ష్మమైన నీటి బుడగల వల్ల వస్తుంది. మనం నీటిని కొలిచి కలపబోతున్నాం గనుక, కొలవని నీరు లోపల ఉండకూడదు. రాయి తీసిన చోటును జీపీఎస్‌తో గుర్తించి, ముక్కలో సగాన్ని పొడి చేయకుండా భద్రపరచాలి. రెండేళ్ల తరువాత ఎవరైనా సందేహం అడిగితే చూపించడానికి ఆ ముక్క ఒక్కటే ఉంటుంది.

రెండవ దశ: పొడి చేయడం

పలుగురాయిని నేరుగా సుత్తితో కొడితే ఇనుప రజను కలుస్తుంది, చేతులూ నొస్తాయి. మామూలు వాతావరణ పీడనంలో 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటిక నిర్మాణం మారి, రాయి ఉబ్బుతుంది. ఆ గుణాన్ని ఉపయోగించుకోవాలి. ముక్కలను మఫిల్ ఫర్నేసులో 650 డిగ్రీల దాకా వేడి చేసి, పొడవాటి పట్టకారుతో తీసి, స్వేదనజలంలో జారవిడిస్తే లోపలంతా బీటలు వారి, ఆ తరువాత వేళ్లతో నలిపినా విడిపోయేంత పెళుసుగా తయారవుతాయి. ముఖానికి అడ్డు, మందపాటి చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయకూడదు.

ఆ ముక్కలను అగేట్ కల్వంలో నూరాలి. అగేట్ కూడా సిలికాయే కాబట్టి దాని నుంచి కొద్దిగా అరిగి కలిసినా నష్టం లేదు. నూరేటప్పుడు కొద్దిగా ఇథనాల్ పోస్తే ధూళి లేవదు. సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. పలుగురాయి మిల్లుల్లో పనిచేసే కూలీలకు వచ్చే సిలికోసిస్‌కు కారణం ఆ ధూళే. కొద్ది గ్రాముల పొడికే అయినా మాస్కు తప్పనిసరి. పొడిలో ఒక అయస్కాంతాన్ని తిప్పి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, స్వేదనజలంతో పలుమార్లు జాడించి, 110 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టాలి. ఈ దశలోనే కొంత పొడిని ఎక్స్-రే వివర్తనానికి (ఎక్స్-రేలతో స్ఫటిక నిర్మాణాన్ని గుర్తించే పరీక్ష), రామన్ పరీక్షకు (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి ఖనిజాన్ని గుర్తించేది) పంపి, మొదటి పదార్థం ఎలా ఉందో నమోదు చేయించుకోవాలి. ఇక్కడిదాకా పనంతా నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక మామూలు కళాశాల ప్రయోగశాలలో చేసుకోవచ్చు.

ఇక్కడి నుంచి ముందుకు ఇంట్లోగానీ, లేత్ షెడ్డులోగానీ చేసే పని కాదు. లారీ జాకీతోనో, పాత హైడ్రాలిక్ ప్రెస్సుతోనో ప్రయత్నిద్దామనే ఆలోచన కలిగితే దాన్ని అక్కడే ఆపండి. టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఒత్తిడిలో పగిలితే తూటాలా ఎగురుతుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వంటి చోట్ల ప్రయోగాత్మక శిలాశాస్త్రానికి ప్రత్యేక ప్రయోగశాలలు ఉన్నాయి. మార్గదర్శక అధ్యాపకుని ద్వారా ఉత్తరం రాసి, ప్రయోగం వివరాలు ఒక పేజీలో పంపితే సమయం అడగవచ్చు.

మూడవ దశ: బంగారు క్యాప్సూల్

నమూనాను 3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బంగారు గొట్టంలో మూసి ఉంచుతాం. బంగారం మెత్తని లోహం, బయటి ఒత్తిడిని లోపలికి సమానంగా అందిస్తుంది, సిలికాతో ఎలాంటి రసాయనిక చర్యకూ దిగదు. మనం పనిచేయబోయే 800 డిగ్రీలకు అది చాలు. 1100 డిగ్రీలు దాటే ప్రయోగాలకైతే ప్లాటినం కావాలి.

గొట్టాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చి, ఒక చివరను మూడు వైపుల నుంచి నొక్కి, కార్బన్ ఆర్క్‌తో అతకాలి. లోపల మొదట స్వేదనజలం వేసి, తరువాత సుమారు 20 మిల్లీగ్రాముల పొడిని నింపాలి. నీరు పొడి బరువులో 3 శాతం చాలు, అంటే 0.6 మైక్రోలీటరు. దానికి సూక్ష్మ సిరంజి ఉంటుంది. నీరు లేని సిలికాలో పరమాణువులు కదలడానికి రోజులు పట్టే చోట, ఈ కాస్త నీరు సిలికాను కరిగించి కొత్త స్ఫటికంగా పేర్చడంలో తోడ్పడుతుంది. నీరు ఎక్కువైతే మాత్రం సిలికాలో పెద్ద భాగం ద్రవంలోకి పోతుంది.

రెండవ చివరను అతికేటప్పుడు లోపలి నీరు ఆవిరి కాకుండా గొట్టం కింది భాగాన్ని తడి టిష్యూలో చుట్టి పట్టుకోవాలి. అతికిన తరువాత క్యాప్సూల్‌ను మిల్లీగ్రాములో వందో వంతు చూపే త్రాసులో తూచి, 110 డిగ్రీల ఓవెన్‌లో ఒక గంట ఉంచి, మళ్లీ తూచాలి. బరువు తగ్గితే అతుకులో రంధ్రం ఉన్నట్టే. అలాంటి క్యాప్సూల్‌ను ప్రెస్సులో పెట్టి ఒక రోజంతా వృథా చేయడం కంటే ఆ గంటసేపు ఆగడం మంచిది.

నాలుగవ దశ: సెల్‌ను కూర్చడం

1960లో బాయిడ్, ఇంగ్లండ్ అనే ఇద్దరు పరిశోధకులు వాషింగ్టన్‌లోని జియోఫిజికల్ ప్రయోగశాలలో తీర్చిదిద్దిన పిస్టన్-సిలిండర్ పరికరమే చిన్న మార్పులతో నేటికీ వాడుకలో ఉంది. టంగ్‌స్టన్ కార్బైడ్ దిమ్మెలో 12.7 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, ఆ దిమ్మె చుట్టూ ఉక్కు వలయాలు బిగించి ఉంటాయి. రంధ్రంలో సెల్ (నమూనా, దాని చుట్టూ ఉండే భాగాల కూర్పు) కూర్చుంటుంది, కింది నుంచి కార్బైడ్ పిస్టన్ దాన్ని నొక్కుతుంది.

సెల్‌లో బయటి నుంచి లోపలికి వస్తే ముందు పలుచని సీసపు రేకు, దాని లోపల ఉప్పుతో చేసిన గొట్టం, దాని లోపల గ్రాఫైట్ ఫర్నేసు, ఫర్నేసు లోపల మెత్తని మెగ్నీషియా ముక్కలు, వాటి నడుమ మన క్యాప్సూల్ ఉంటాయి. పై నుంచి అల్యూమినా గొట్టంలో థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగల జత) దిగి, క్యాప్సూల్‌కు మిల్లీమీటరు లోపు దూరంలో ఆగుతుంది. రెండింటి మధ్య పలుచని అల్యూమినా బిళ్ల తప్పకుండా ఉండాలి, లేకపోతే థర్మోకపుల్ తీగ బంగారంలోకి కరిగిపోతుంది.

ఉప్పు గొట్టానికి బదులు టాల్క్ కూడా వాడతారు. నా సలహా మాత్రం ఉప్పే. ఉప్పు ఒత్తిడిలో మెత్తగా ప్రవహిస్తుంది కాబట్టి ఘర్షణలో పోయే పీడనం తక్కువగా ఉంటుంది. టాల్క్‌తో ఆ నష్టం పది శాతం దాకా, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. ఉప్పు మామూలుగా 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది కదా, మన ప్రయోగం 800 డిగ్రీలకు ఎలా తట్టుకుంటుందన్న సందేహం సహజంగా వస్తుంది. పీడనంతో పాటు ద్రవీభవన స్థానం పెరుగుతుంది. 3 గిగాపాస్కళ్ల దగ్గర ఉప్పు 1000 డిగ్రీలు దాటినా ఘనరూపంలోనే ఉంటుంది. అందుకే ముందు కొంత పీడనం ఎక్కించిన తరువాతే వేడి మొదలుపెట్టాలి. ఉప్పు గొట్టాలకు ఉన్న ఇబ్బంది చెమ్మ. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో, ముఖ్యంగా కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు, బల్ల మీద ఒక గంట వదిలేసిన ఉప్పు గొట్టం వేలికి అంటుకుంటుంది. వాటిని వాడే నిమిషం దాకా 110 డిగ్రీల ఓవెన్‌లోనే ఉంచాలి.

ఐదవ దశ: బలం లెక్క

ప్రెస్సు దగ్గరికి వెళ్లే ముందు ఈ లెక్కను కాగితం మీద చేసుకోవాలి. 12.7 మిల్లీమీటర్ల పిస్టన్ ముఖం వైశాల్యం 126.7 చదరపు మిల్లీమీటర్లు. ఒక గిగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్లు. కాబట్టి 3 గిగాపాస్కళ్లకు కావలసిన బలం సుమారు 3,80,000 న్యూటన్లు, అంటే దాదాపు 39 టన్నుల బరువు. ఆ బలాన్ని ఇచ్చే హైడ్రాలిక్ ర్యామ్ (నూనె పీడనంతో కదిలే పెద్ద పిస్టన్) వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 7854 చదరపు మిల్లీమీటర్లు. నూనె పీడనం 48.4 మెగాపాస్కళ్లు, అంటే 484 బార్లు ఉంటే చాలు. రెండు వైశాల్యాల నిష్పత్తి 62, కాబట్టి నూనె గేజులో ఒక బార్ తేడా నమూనా దగ్గర 62 బార్ల తేడా అవుతుంది. గేజు నాణ్యత ఎంత ముఖ్యమో ఈ ఒక్క సంఖ్య చెబుతుంది.

ఈ లెక్క ఇచ్చేది నామమాత్రపు పీడనమే. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఘర్షణ, సెల్ భాగాల గట్టిదనం కలిసి అందులో కొంత భాగాన్ని మింగేస్తాయి. ఎంత మింగాయో తెలుసుకునే పద్ధతిని ఎనిమిదవ దశలో వివరిస్తాను.

ఆరవ దశ: ప్రయోగం నడపడం

సెల్‌ను దించి, కూలింగ్ నీరు ప్రవహిస్తోందో లేదో చేత్తో తాకి చూసి, రక్షణ కవచాలు మూయాలి. పిస్టన్ నిలువు గీతకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మొదట చల్లగా ఉండగానే పీడనాన్ని 2.5 గిగాపాస్కళ్ల దాకా మెల్లగా ఎక్కించాలి. తరువాత నిమిషానికి 50 డిగ్రీల చొప్పున 800 డిగ్రీలకు వేడి చేయాలి. గ్రాఫైట్ ఫర్నేసు పది వోల్టుల లోపు వోల్టేజీతో, వందల ఆంపియర్ల కరెంటుతో పనిచేస్తుంది. ఉష్ణోగ్రత నిలకడగా ఉండగా కావలసిన వాట్లు ఉన్నట్టుండి పెరిగినా, తగ్గినా ఫర్నేసు చిట్లుతోందని అనుమానించాలి.

వేడి ఎక్కిన తరువాత చివరి మెట్టుగా పీడనాన్ని 3.4 గిగాపాస్కళ్లకు తీసుకురావాలి. ఇలా వేడిగా ఉన్నప్పుడు పిస్టన్‌ను లోపలికి నెడుతూ ముగించడం వల్ల సెల్ మెత్తబడి ఉండి, ఘర్షణ ప్రతిసారీ ఒకే దిశలో, దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. ఈసారి పిస్టన్‌ను లోపలికి నెట్టి, ఇంకోసారి బయటికి వదిలి ముగిస్తే రెండు ఫలితాలను పోల్చే వీలుండదు.

ఇరవై నాలుగు గంటలు అలాగే ఉంచాలి. పీడనం మెల్లగా జారుతుంటే ఎంత జారిందో, ఎప్పుడు సరిచేశారో గంట గంటకూ పుస్తకంలో రాయాలి. యూపీఎస్ లేని చోట ఈ ప్రయోగం పెట్టుకోకూడదు. కరెంటు పోతే నమూనా దానంతటదే చల్లారిపోతుంది కాబట్టి ప్రమాదం లేదు గానీ, ఆ నిమిషం నుంచి ప్రయోగం ముగిసినట్టే లెక్క. తిరిగి వేడి చేసి, మొత్తం గంటలు కలిపి రాయడం తప్పు.

ముగించే సమయానికి పీడనాన్ని అలాగే ఉంచి, విద్యుత్తును ఒక్కసారిగా ఆపాలి. కొద్ది సెకన్లలోనే నమూనా 200 డిగ్రీల కిందికి వస్తుంది. లోపల ఏర్పడిన కోయసైట్‌కు తిరిగి పలుగురాయిగా మారేందుకు వ్యవధి దొరకదు. ఆ తరువాతే పీడనాన్ని తగ్గించాలి, అదీ ఒక గంటకు తగ్గకుండా, మెల్లగా. కార్బైడ్ దిమ్మెలు ఎక్కువగా పగిలేది పీడనం ఎక్కించేటప్పుడు కాదు, తొందరపడి దించేటప్పుడు.

ఏడవ దశ: ఏం తయారైందో చూడటం

సెల్‌ను నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి క్యాప్సూల్ బయటపడుతుంది. దాన్ని ముందుగా తూచి, ఆ తరువాత ఒక అంచును బ్లేడుతో కోయాలి. కోసిన చోట ఒక చుక్క నీరు చెమర్చితే క్యాప్సూల్ చివరిదాకా బిగువుగా ఉందని నమ్మవచ్చు. లోపల పంచదార పలుకుల్లాంటి తెల్లని రేణువులు కనబడతాయి. కంటితో చూస్తే అవి పలుగురాయో కోయసైటో చెప్పలేం.

మొదటి పరీక్ష సూక్ష్మదర్శినితో చేయాలి. వక్రీభవన గుణకం 1.57 ఉన్న నూనెలో రేణువులను వేస్తే, 1.544 నుంచి 1.553 మధ్య ఉండే పలుగురాయి నూనె కంటే తక్కువగా, 1.59 పైన ఉండే కోయసైట్ నూనె కంటే ఎక్కువగా కనబడతాయి. ఫోకస్‌ను కొద్దిగా పైకి జరిపినప్పుడు రేణువు అంచున మెరిసే గీత లోపలికి పోతే కోయసైట్, బయటికి పోతే పలుగురాయి. ఖరీదైన పరికరం లేకుండా పది నిమిషాల్లో తేలే ఈ పరీక్షను ఈ రోజుల్లో చాలామంది వదిలేస్తున్నారు, అది నాకు బాధ కలిగిస్తుంది.

రామన్ పరీక్షలో పలుగురాయి బలమైన గీత 464 దగ్గర, కోయసైట్‌ది 521 విలోమ సెంటీమీటర్ల దగ్గర వస్తాయి. రాగి లక్ష్యంతో తీసిన ఎక్స్-రే వివర్తనంలో పలుగురాయి ప్రధాన శిఖరం 26.6 డిగ్రీల వద్ద, కోయసైట్‌ది 28.8 డిగ్రీల వద్ద కనిపిస్తాయి. రామన్ ఒక్కో రేణువును చూస్తుంది, ఎక్స్-రే మొత్తం పొడిని చూస్తుంది. ఒక్క రేణువులో 521 గీత కనబడగానే నమూనా అంతా మారిపోయిందని రాయకూడదు. రెండు పరీక్షలూ చేయాలి.

ఎనిమిదవ దశ: అసలు పీడనం ఎంత

ఇంతవరకూ చేసిన పనితో కోయసైట్ వచ్చింది గానీ, ప్రెస్సు గురించి మనకు ఏమీ తెలియలేదు. 3.4 నామమాత్రపు గిగాపాస్కళ్ల దగ్గర కోయసైట్ రావడమంటే నమూనా మీద కనీసం 2.9 ఉందని మాత్రమే అర్థం.

ఇప్పుడు మనం తయారు చేసిన కోయసైట్‌నూ మొదటి పలుగురాయి పొడినీ సమభాగాలుగా కలిపి, కొద్దిగా నీటితో కొత్త క్యాప్సూళ్లు నింపాలి. 800 డిగ్రీల దగ్గరే, అదే రకం సెల్‌తో, నామమాత్రపు పీడనాన్ని 2.8 నుంచి 3.3 దాకా మెట్లుగా మారుస్తూ వరుసగా ప్రయోగాలు చేయాలి. ప్రతి ప్రయోగం తరువాత ఎక్స్-రే వివర్తనంలో రెండు ఖనిజాల శిఖరాల నిష్పత్తిని మొదటి మిశ్రమంతో పోల్చి, ఏది పెరిగింది, ఏది తగ్గిందన్నది చూడాలి. ఉత్త పలుగురాయితో మొదలుపెడితే, సరిహద్దు దాటినా కోయసైట్ మొలకెత్తకుండా మొండికేసే అవకాశం ఉంది. అప్పుడు సరిహద్దు ఉన్నదానికంటే పైన ఉన్నట్టు కనబడుతుంది. రెండూ ముందే ఉన్న మిశ్రమంలో మొలకెత్తే సమస్య లేదు, ఆ స్థితిలో నిలకడగా ఉండేదే పెరుగుతుంది.

ఉదాహరణకు గేజు లెక్క ప్రకారం 3.0 దగ్గర పలుగురాయి పెరిగి, 3.1 దగ్గర కోయసైట్ పెరిగిందనుకుందాం. సరిహద్దు నామమాత్రంగా 3.05 దగ్గర ఉన్నట్టు. నిజమైన సరిహద్దు 2.9 కాబట్టి, ఈ సెల్‌లో ఈ పద్ధతిలో సుమారు 5 శాతం పీడనం దారిలో పోతోందని తేలుతుంది. ఇకపై అదే సెల్‌తో చేసే ప్రతి ప్రయోగానికీ ఆ 5 శాతాన్ని తగ్గించి రాయాలి. సెల్ మారితే, పిస్టన్ మారితే, ఉప్పు బదులు టాల్క్ వాడితే ఈ సంఖ్య చెల్లదు.

గది ఉష్ణోగ్రత దగ్గర సరిచూసుకోవడానికి బిస్మత్ తీగను వాడతారు. 2.55 గిగాపాస్కళ్ల దగ్గర దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. కానీ చల్లని సెల్ గట్టిగా ఉంటుంది కాబట్టి, చల్లగా కొలిచిన సవరణను వేడి ప్రయోగాలకు వర్తింపజేయడం సరికాదు. పాత పత్రాల్లో ఈ పొరపాటు తరచుగా కనబడుతుంది.

ఇంకా లోతుకు: చీమకుర్తి రాయి, వజ్రాల సెల్

పిస్టన్-సిలిండర్ 4 గిగాపాస్కళ్ల దగ్గర ఆగిపోతుంది. ఎనిమిది కార్బైడ్ ఘనాలతో నొక్కే మల్టీ-యాన్విల్ ప్రెస్సు సుమారు 25 దాకా తీసుకుపోతుంది. అంతకు మించి వెళ్లాలంటే 1959లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ పరిశోధకులు వెలువరించిన వజ్రాల సెల్ కావాలి. రెండు వజ్రాల కొనలను చదునుగా కోసి, మధ్యలో లోహపు రేకు పెట్టి, ఆ రేకులోని సన్నని రంధ్రంలో నమూనాను ఉంచి నొక్కుతారు. 300 మైక్రోమీటర్ల కొన వైశాల్యం 0.07 చదరపు మిల్లీమీటర్లే కాబట్టి, 30 గిగాపాస్కళ్లకు ఆ కొన మీద పడవలసిన బలం 216 కిలోల బరువుకు సమానం. నాలుగు మరలను చేత్తో తిప్పితే చాలు.

దీనికి నమూనాగా చీమకుర్తి రాయిని సూచిస్తాను. గెలాక్సీ గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే ఆ నల్లరాయి నిజానికి గ్రానైట్ కాదు, గాబ్రోనోరైట్. అందులో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ ఖనిజం. దాన్ని సుమారు 25 గిగాపాస్కళ్లు దాటించి 2000 కెల్విన్లకు వేడి చేస్తే బ్రిడ్జ్‌మనైట్ ఏర్పడుతుంది. భూమిలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఖనిజం అదే. అయినా 2014లో ఒక ఉల్కలో గుర్తించే దాకా దానికి పేరు పెట్టే వీలు కలగలేదు. అధిక పీడన విద్యకు పునాదులు వేసి 1946లో నోబెల్ బహుమతి పొందిన పెర్సీ బ్రిడ్జ్‌మన్ పేరును దానికి పెట్టారు.

బ్రాంజైట్‌ను సూచించడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. వజ్రాల గుండా పంపే 1064 నానోమీటర్ల లేజర్ కాంతిని పలుగురాయి పీల్చుకోదు, కాంతి దాని గుండా నేరుగా పోతుంది. బ్రాంజైట్‌లోని ఇనుము ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. పలుగురాయినే వేడి చేయాలంటే కార్బన్ డయాక్సైడ్ లేజర్ కావాలి, లేదా ప్లాటినం పొడి కలపాలి.

రీనియం రేకును ముందుగా వజ్రాల మధ్య నొక్కి 40 మైక్రోమీటర్ల మందానికి తెచ్చి, నడుమ 100 మైక్రోమీటర్ల రంధ్రం చేయించాలి. రంధ్రం కేంద్రం నుంచి పక్కకు జరిగితే పీడనం పెరిగే కొద్దీ ఒక వైపుకు ఈడ్చుకుపోయి వజ్రం అంచును తాకుతుంది. వజ్రం వేడిని చాలా వేగంగా లాగేస్తుంది గనుక నమూనాకు పైనా కిందా ఎండబెట్టిన ఉప్పు పలుచని పొరలు ఉండాలి. అవి లేకుండా లేజర్ ఎంత పెంచినా వేడి నిలవదు. పక్కన ఒక చిన్న కెంపు రేణువును పెట్టాలి. కెంపు వెలువరించే ఎర్రని కాంతి గీత మామూలుగా 694.2 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, పీడనం పెరిగే కొద్దీ గిగాపాస్కల్‌కు సుమారు 0.365 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది. 30 గిగాపాస్కళ్ల దగ్గర మొత్తం జరుగుదల 10 నానోమీటర్లకు కొంచెం మించుతుంది. ఆరు డిగ్రీల వేడి తేడా కూడా ఆ గీతను 0.1 గిగాపాస్కల్ పీడనంతో సమానంగా జరుపుతుంది. కాబట్టి ఏసీ ఉన్న గదిలో కొలిచిన అంకెనూ, మన వేసవి మధ్యాహ్నం ఏసీ ఆగిన గదిలో కొలిచిన అంకెనూ సవరించకుండా పక్కపక్కన పెట్టకూడదు.

లేజర్ వేడిని థర్మోకపుల్‌తో కొలవలేం. నమూనా వెలువరించే కాంతి వర్ణపటాన్ని, వేడి వస్తువు వెలువరించే కాంతిని వివరించే ప్లాంక్ సూత్రంతో సరిపోల్చి ఉష్ణోగ్రత తీస్తారు. అందులో వంద కెల్విన్ల దాకా అనిశ్చితి సహజమే. దాన్ని దాచకుండా ఫలితంతో పాటే రాయాలి. వేడి చేసేటప్పుడు పీడనమూ మారుతుంది. కెంపు గీత ఆ వేడిలో పనికిరాదు కాబట్టి, వేడికి ముందు, చల్లారిన తరువాత కొలిచిన రెండు పీడనాలనూ నమోదు చేయాలి. వేడిగా ఉన్నప్పటి పీడనం కావాలంటే ఉప్పు పొర వివర్తనం నుంచి లెక్క కట్టాలి.

ఆ వివర్తనానికి కళాశాల యంత్రం సరిపోదు. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో, బలమైన ఎక్స్-రే కిరణాలను ఇచ్చే ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, అధిక పీడన ప్రయోగాలకు అక్కడ సమయం అడగవచ్చు. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలోనూ, మనకు దగ్గరలో కల్పాక్కంలోని ఇందిరా గాంధీ కేంద్రంలోనూ ఈ రంగంలో అనుభవం ఉన్న బృందాలు ఉన్నాయి. ప్రతిపాదనలో నమూనా ఎక్కడిది, కెంపుతో కొలిచిన పీడనం ఎంత, ఎన్ని గంటలు కావాలి అన్న మూడు విషయాలూ స్పష్టంగా ఉండాలి. నింపిన సెల్‌ను సామానులో వేయకుండా చేతి సంచిలో తీసుకెళ్లాలి. రైలు దిగిన తరువాత, ఎక్స్-రే కిరణం ముందు పెట్టడానికి ముందు, కెంపు గీతను మళ్లీ కొలవాలి. ప్రయాణపు కుదుపులకు మరలు సర్దుకుని పీడనం మారుతుంది. పుస్తకంలో ఆ రోజు తేదీతో కొత్త అంకెను, దాని పక్కన గది ఉష్ణోగ్రతను రాసిన తరువాతే సెల్‌ను కిరణం ముందు బిగించాలి.